పలాస జీడిపప్పు మీద పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కాలేజీల్లో కామర్స్, ఎకనామిక్స్, హోమ్ సైన్స్, రూరల్ డెవలప్‌మెంట్ చదివేవాళ్లలో కొందరు పలాస జీడి వ్యాపారాన్ని పీజీ ప్రాజెక్టుగానో పీహెచ్‌డీ అంశంగానో తీసుకుంటారు. ప్రతి బ్యాచ్‌కీ అవే సందేహాలు, అవే తప్పులు. బస్తా ఎన్ని కిలోలో రాయకుండా ధర రాసేస్తారు, తేమ చూడకుండా దిగుబడి లెక్క కట్టేస్తారు. ఆ తప్పు థీసిస్ చివరి పేజీ దాకా పాకుతుంది. అందుకే ఈ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం. మీకు కావలసినది నేరుగా తీసి చదువుకోవచ్చు.

## అంశం ఎంచుకునేటప్పుడు

"పలాస జీడి పరిశ్రమ – ఒక అధ్యయనం" అని టైటిల్ పెడితే సరిపోదా?

సరిపోదు. పిక్క (తొక్కతో ఉన్న జీడి గింజ) చెట్టు కింద రాలిన దగ్గర్నుంచి పప్పు డబ్బాలో పడేదాకా రైతు, ఊళ్లో కొనే చిన్న వ్యాపారి, దళారీ, ఫ్యాక్టరీ యజమాని, పిక్కలు కోసే పనివాళ్లు, పప్పు మీది ఎర్ర పొర తొక్క తీసే ఆడవాళ్లు, గ్రేడింగ్, హోల్‌సేల్ అంటూ సరుకు చాలా చేతులు మారుతుంది. అన్నీ పట్టుకుంటే ఏదీ లోతుగా రాదు. ఒక చేతిని, ఒక ప్రశ్నను పట్టుకోండి. "వజ్రపుకొత్తూరు, మందస మండలాల రైతులు పిక్కలు ఏ వారంలో అమ్ముతున్నారు? రెండు నెలలు ఆగితే తరుగు పోను మిగిలేదెంత?" అన్నది మంచి ప్రశ్న. "పిక్కలు ఉడికించే బాయిలింగ్ పద్ధతిలోకి మారిన ఫ్యాక్టరీల్లో గుండు పప్పు (విరగని పప్పు) శాతం పెరిగిందా?" అన్నదీ మంచిదే. పీజీ ప్రాజెక్టుకు ఒక సీజనే దొరుకుతుంది. పీహెచ్‌డీకి 2022 యూజీసీ నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు ఉంటాయి కాబట్టి రెండు సీజన్లు పోల్చే వీలుంటుంది.

ఫీల్డ్‌వర్క్ ఏ నెలల్లో పెట్టుకోవాలి?

పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో పిక్కల సీజన్ మార్చి నుంచి మే దాకా. అప్పుడే రైతు దగ్గర సరుకు, చేతిలో తూకం, నోట్లో ధర ఉంటాయి. జూన్ తర్వాత వెళ్తే గుర్తున్నంత చెబుతారు. జ్ఞాపకం మీద చెప్పిన ధర, ఆ రోజు చీటీలో ఉన్న ధర ఒకటి కావు. ఫ్యాక్టరీ యజమానులకు మాత్రం సీజన్‌లో ఊపిరాడదు. వాళ్లను ఆగస్టు, సెప్టెంబరులో కలిస్తే కూర్చుని మాట్లాడతారు. కాబట్టి జనవరి, ఫిబ్రవరిల్లో యూనిట్ల జాబితా, మార్చి నుంచి మే దాకా రైతులు, వ్యాపారులు, ఆ తర్వాత యజమానులు అన్న వరుస నడుస్తుంది.

ఇక్కడో చిక్కుంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. అంటే ఒకే సీజన్ కొనుగోళ్లు రెండు బ్యాలెన్స్ షీట్లలోకి చీలిపోతాయి. యజమాని "పోయినేడు ఇంత కొన్నాం" అంటే అది మార్చికి ముగిసిన ఏడాదా, సీజనా అని తప్పకుండా అడగండి.

జీడి మీద ఇప్పటికే చాలామంది చేశారు. ఇక్కడే దగ్గర్లో వేరే ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. విజయనగరం జిల్లా భీమాళి మామిడి తాండ్ర, సీతంపేట కొండల అనాస, ఉద్దానం కొబ్బరి, రెండు జిల్లాల రైస్ మిల్లులు. కొబ్బరిలో ఎండు కొబ్బరికి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది కాబట్టి ధరల పోలికకు ఒక ఆధారం దొరుకుతుంది. తాండ్ర ఇళ్లలో తయారయ్యే సరుకు, లెక్కల పుస్తకాలు తక్కువ. దానికి రోజువారీ డైరీ పద్ధతి ఒక్కటే నికరం.

## లెక్కలు సేకరించేటప్పుడు

సాగు విస్తీర్ణం, దిగుబడి లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

రాష్ట్రాలవారీ లెక్కలకు కొచ్చిలోని జీడి, కోకో అభివృద్ధి డైరెక్టరేట్. మండలాలవారీ లెక్కలకు జిల్లా ఉద్యాన శాఖ. ప్రపంచ పోలికకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి ఫావోస్టాట్. మూడింటినీ పక్కపక్కన పెట్టే ముందు రెండు విషయాలు చూడండి. ఫావోస్టాట్ దిగుబడి తొక్కతో ఉన్న పిక్కల లెక్క, పప్పు లెక్క కాదు. దాని ఏడాది జనవరి నుంచి డిసెంబరు, మనది ఏప్రిల్ నుంచి మార్చి.

సాంకేతిక విషయాలకు కర్ణాటకలోని పుత్తూరు జీడి పరిశోధన డైరెక్టరేట్, మన రాష్ట్రంలో బాపట్ల జీడి పరిశోధన కేంద్రం ఉన్నాయి. బీపీపీ-8 రకం బాపట్లదే.

2022 తర్వాత శ్రీకాకుళం జిల్లా లెక్కలు ఒక్కసారిగా తగ్గాయి. సాగు పడిపోయిందని రాయొచ్చా?

రాయకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరంలో కలిశాయి. విజయనగరం నుంచి పార్వతీపురం, సాలూరు, కురుపాం వైపు మండలాలు మన్యానికి పోయాయి. మండలాల లెక్కలు తీసుకుని పాత హద్దులకు గానీ కొత్త హద్దులకు గానీ మళ్లీ కూడండి. ఏ హద్దు వాడారో పట్టిక కిందే రాయండి. ఇంకా వెనక్కి వెళ్తే విజయనగరం జిల్లా ఏర్పడిందే 1979 జూన్ 1న. అంతకు ముందు లెక్కలు శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల కింద ఉంటాయి.

ఎగుమతి, దిగుమతి లెక్కలకు ఏ కోడ్ వాడాలి?

తొక్కతో ఉన్న పిక్కలకు 080131, తొక్క తీసిన పప్పుకు 080132. అంతర్జాతీయ పోలికకు ఈ ఆరంకెలు చాలు. మన దేశ లెక్కల్లో ఎనిమిదంకెల కోడ్ ఉంటుంది: ముక్క పప్పు 08013210, గుండు పప్పు 08013220, ఇతరాలు 08013290. కోల్‌కతాలోని వాణిజ్య గణాంకాల డైరెక్టరేట్ జనరల్ వీటిని ఇస్తుంది.

పిక్కలనూ పప్పునూ టన్నుల్లో కూడకూడదు. చాలా థీసిస్‌లలో కనిపించే తప్పు ఇదే. ఆఫ్రికా నుంచి వచ్చే నాలుగు టన్నుల పిక్కలు రమారమి ఒక టన్ను పప్పు అవుతాయి. ముందు ఒకే రూపంలోకి మార్చి అప్పుడు కూడండి.

విధానాల తేదీలను కూడా గ్రాఫ్ మీద గుర్తించండి. 2018-19 బడ్జెట్‌లో పిక్కల దిగుమతి సుంకం 5 నుంచి 2.5 శాతానికి తగ్గింది. 2019 జూన్‌లో దిగుమతి పప్పుకు కనీస ధరను కిలోకు ముక్కలైతే రూ.680, గుండ్లైతే రూ.720గా పెట్టారు. ఆ తేదీలకు అటూ ఇటూ లెక్కలు మారితే కారణం పలాసలో వెతకనక్కర్లేదు.

పలాస నుంచి ఎంత ఎగుమతి అవుతుందో విడిగా దొరుకుతుందా?

పాత ఏళ్లకు కస్టమ్స్ లెక్క పోర్టు పేరు మీదే ఉంటుంది, ఊరి పేరు మీద కాదు. 2020 ఫిబ్రవరి 15 నుంచి షిప్పింగ్ బిల్లులో సరుకు పుట్టిన రాష్ట్రం, జిల్లా నింపడం తప్పనిసరి చేశారు. అక్కణ్నుంచి జిల్లా లెక్క కొంత తెలుస్తుంది. అయితే పలాస పప్పును వేరే ఊరి వ్యాపారి కొని ఎగుమతి చేస్తే ఆ గడిలో ఏ జిల్లా రాశారన్నది అనుమానమే. పైగా మన దేశంలో తయారయ్యే పప్పులో ఎక్కువ భాగం దేశంలోనే తింటారు. పలాస మీద పరిశోధన అంటే ముందుగా దేశీయ మార్కెట్ మీద పరిశోధన. ఎగుమతి అధ్యాయాన్ని బలవంతంగా పెంచకండి.

పేపర్లో "జీడి మద్దతు ధర" అని చదివాను. అది ఏ ఏటిది రాయాలి?

కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పంటల్లో జీడి లేదు. పేపర్లలో కనిపించే అంకె సాధారణంగా 80 కిలోల బస్తాకు రైతులు అడుగుతున్న ధర. దాన్ని "రైతు సంఘాల డిమాండ్" అనే రాయాలి. వాస్తవ ధర కావాలంటే సీజన్‌లో వారానికి ఒకరోజు, ఒకే రోజు, నలుగురు వ్యాపారుల దగ్గర ధర నోట్ చేసుకోండి. పన్నెండు వారాలు చేస్తే ఎక్కడా దొరకని పట్టిక మీ చేతిలో ఉంటుంది. పిక్కల బేరం ఎక్కువగా మార్కెట్ యార్డు బయటే సాగుతుంది కాబట్టి యార్డు ధరల్లో ఖాళీలుంటాయి. ఆ ఖాళీలను సరాసరితో పూడ్చకండి.

సమాచార హక్కు కింద అడిగితే ఇస్తారా?

మొత్తం లెక్కలు ఇస్తారు. రుసుము రూ.10, గడువు 30 రోజులు. ఫలానా ఫ్యాక్టరీ ఎంత కొన్నదని అడిగితే వ్యాపార రహస్యం కింద తిరస్కరించవచ్చు. "మండలాలవారీగా, ఏడాదివారీగా నమోదైన యూనిట్ల సంఖ్య" అని అడగండి.

## ఫ్యాక్టరీలో, ఊళ్లో

యజమాని లెక్కలు చెప్పడం లేదు. ఏం చేయాలి?

టర్నోవర్, లాభం నేరుగా అడిగితే ఎవరూ చెప్పరు. మీరు పన్నుల వాళ్ల మనిషేమో అన్న భయం ఉంటుంది. భౌతిక లెక్కలు అడగండి: రోజుకు ఎన్ని బస్తాలు ఉడికిస్తారు, బస్తాకు ఎన్ని కిలోల పప్పు దిగుతుంది, అందులో గుండ్లెంత, బద్దలెంత (రెండుగా చీలినవి), ముక్కలెంత, ఏడాదిలో ఎన్ని రోజులు నడుస్తుంది. ఇవి గర్వంగా చెబుతారు. ధరలు మార్కెట్లో దొరుకుతాయి. రెండూ కలిపితే స్థూల ఆదాయం మీరే కట్టుకోవచ్చు.

డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ మీద తెలుగులో ఒక పేజీ ఉత్తరం పట్టుకెళ్లండి. పేరు బయటపెట్టబోమన్న మాట అందులో రాసి ఉండాలి. మొదటి రోజు ప్రశ్నాపత్రం తీయకండి. ఎండబెట్టే కళ్లం, బాయిలర్, కోత, బోర్మా (పప్పు ఆరబెట్టే వేడి గది), తొక్క తీసే గది, గ్రేడింగ్ వరుసగా చూపించమని అడగండి. ఫొటో తీయాలంటే ముందు అడగాలి, పనివాళ్లనూ విడిగా అడగాలి.

కూలి ఎంతని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. ఏది రాయాలి?

బహుశా అందరూ నిజమే చెబుతున్నారు. కోత, తొక్క తీత పనులు చాలాచోట్ల కిలోల లెక్క. రోజుకూలిగా మార్చాలంటే ఈ అయిదూ కావాలి: కిలో రేటు, ఆ రోజు తూకం, పనిచేసిన గంటలు, పక్కన సాయం కూర్చున్నవాళ్లు ఉన్నారా, ముక్కలైన పప్పుకు కూలి తగ్గించారా. కూతురు సాయం చేసిన ఎనిమిది కిలోలను తల్లి ఒక్కదాని కూలిగా రాస్తే కూలి రెట్టింపు కనిపిస్తుంది. ఇది చిన్న తప్పు కాదు. ఆ అంకె పట్టుకునే "కూలి బాగానే ఉంది" అని ఎవరో ఒకరు రాస్తారు.

వారం రోజుల తూకాలు రాసుకోండి, ఒక్క రోజువి కాదు. సరుకు రాని రోజులు సున్నాగా రాయాలి, వదిలేయకూడదు. ప్రశ్నలు యజమాని ఎదుట వద్దు. పని దిగాక, ఇంటి దగ్గర, "అమ్మా, మీకు వీలైతేనే చెప్పండి" అని మొదలుపెట్టండి. వద్దంటే నవ్వుతూ లేచి రండి.

షెడ్డులోకి వెళ్లేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

పిక్క తొక్కలోని జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది, బొబ్బలెక్కిస్తుంది. కోత బల్ల మీది పిక్కలను వట్టి చేత్తో ముట్టుకోకండి, ఆ చేత్తో కళ్లు తుడుచుకోకండి. పనివాళ్లు చేతికి ఆముదమో బూడిదో రాసుకునేది అందుకే. డ్రమ్ము వేపుడు జరిగే చోట పొగ ఘాటుగా ఉంటుంది, పొగ కొట్టే వైపు నిలబడకండి.

ఉద్దానంలో "ఎన్నిసార్లు చెప్పాలి బాబూ" అని విసుక్కుంటున్నారు. ఎలా?

వాళ్ల విసుగు న్యాయమైనది. కిడ్నీ వ్యాధి కారణంగా ఏళ్ల తరబడి ఎన్నో బృందాలు వచ్చి రక్తం, నీళ్లు, వివరాలు తీసుకెళ్లాయి. వచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ ముఖం చూపలేదు. కాబట్టి మొదటే చెప్పండి: ఇది జబ్బు సర్వే కాదు, పథకం రాదు, డబ్బు రాదు, జీడి వ్యాపారం మీద చదువు. ప్రశ్నలు 25 నిమిషాలు దాటకుండా కుదించండి. పాత సర్వేల్లో దొరికే కుటుంబ వివరాలు మళ్లీ అడగకండి. ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న ఉన్నా నైతిక కమిటీ అనుమతి తీసుకున్నాకే ఊళ్లో అడుగుపెట్టండి.

## కొలతలు

ఔటర్న్ (80 కిలోల బస్తాకు దిగే పప్పు, పౌన్లలో) ఎలా తీయాలి? ఫ్యాక్టరీ చెప్పింది రాసుకుంటే చాలదా?

చాలదు. ధర మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. మీరే తీయడం కష్టమేమీ కాదు.

ఒక లాటులోని వేర్వేరు బస్తాల నుంచి, పైన, మధ్య, అడుగున కలిసేలా పిక్కలు తీసి కలపండి. గుడ్డ మీద పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచి, మళ్లీ అలాగే తగ్గిస్తూ సరిగ్గా ఒక కిలోకు రండి. ముందు పిక్కలు లెక్కపెట్టండి. కిలోకు 180 వస్తే పెద్ద పిక్క, 220 దాటితే చిన్నది. తర్వాత ప్రతి పిక్కనూ నిలువునా కోసి, పప్పును మూడు కుప్పలు చేయండి: మంచివి, మచ్చలవి లేదా ముదరనివి, పనికిరానివి (లొట్టలు, కుళ్లినవి, పురుగు పట్టినవి). మంచివాటి బరువు పూర్తిగా, రెండో కుప్ప బరువు సగం తీసుకోవాలి. మూడోది సున్నా.

మంచివి 255 గ్రాములు, మచ్చలవి 30 గ్రాములు వచ్చాయనుకోండి. 255 + 15 = 270 గ్రాములు. 80 కిలోల బస్తాకు 21.6 కిలోలు. పౌన్లలోకి మార్చడానికి 0.4536తో భాగిస్తే 47.6. వ్యాపారులు "నలభై ఏడున్నర ఔటర్న్" అనేది దీన్నే. ఒక గ్రాము తూగే తక్కెడ కావాలి, కిరాణా తక్కెడ పనికిరాదు. ఒక లాటుకు ఒక్కో కిలో చొప్పున మూడుసార్లు తీసి సగటు రాయండి. మూడింటి మధ్య రెండు పౌన్లకు మించి తేడా ఉంటే శాంపిల్ సరిగా కలవలేదని అర్థం.

48 ఔటర్న్ అంటే 27 శాతం పప్పు అమ్మకానికి వస్తుందనేగా?

కాదు. ఆ కోత పరీక్షలో పప్పును లోపలి ఎర్ర పొరతో, పచ్చి తేమతో తూస్తారు. బోర్మాలో ఆరి, పొర ఊడి, పొడిగా విరిగినది పోయాక చేతికొచ్చే పప్పు అంతకంటే తక్కువ. కాబట్టి థీసిస్‌లో రెండు వేరు వేరు గడులు పెట్టండి: "కోత పరీక్ష ఔటర్న్", "డబ్బాకెక్కిన పప్పు". ఒకదాన్ని రెండోదానిగా వాడితే ఫ్యాక్టరీకి లేని లాభం కనిపిస్తుంది.

పిక్కల తేమ అంత ముఖ్యమా?

చాలా. 14 శాతం తేమతో ఉన్న 80 కిలోల బస్తాను 8 శాతానికి ఎండబెడితే 80 × 0.86 ÷ 0.92 = 74.8 కిలోలే మిగులుతాయి. అంటే ధర 7 శాతం పెరిగితేనే ఆగిన రైతుకు అసలు వస్తుంది. "నిల్వ చేస్తే లాభం" అని రాసే ముందు ఈ లెక్క వేయాలి. తేమ మీటరు లేకపోతే శాంపిల్‌ను గాలి చొరని డబ్బాలో మూసి అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి. గుడ్డసంచీలో రెండు రోజులుంచితే అది తోట తేమ కాదు, మీ గది తేమ.

డబ్ల్యూ 320 అంటే ఏమిటి?

ఒక పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగే తెల్ల పప్పు. అలాగే 180కి 170 నుంచి 180, 240కి 220 నుంచి 240. అంకె చిన్నదైతే గింజ పెద్దది. గ్రేడు రాయని పప్పు ధర పరిశోధనకు పనికిరాదు.

## లెక్క కట్టేటప్పుడు

వినియోగదారు రూపాయిలో రైతు వాటా ఎలా తీయాలి?

కిలో పిక్కల ధరను కిలో పప్పు ధరతో భాగించడం అసలైన పొరపాటు. కిలో పప్పుకు ఎన్ని కిలోల పిక్కలు పట్టాయో ముందు చూడాలి. పద్ధతి కోసం ఊహించిన అంకెలతో చూద్దాం. బస్తా రూ.12,000 అనుకుంటే కిలో పిక్కలు రూ.150. డబ్బాకెక్కిన పప్పు 24 శాతం, అంటే 19.2 కిలోలు. కిలో పప్పులో పిక్కల ఖర్చు రూ.625.

ఇప్పుడు అమ్మకం ధర. గుండ్లు 65 శాతం రూ.850, బద్దలు 20 శాతం రూ.780, ముక్కలు 15 శాతం రూ.650 అనుకుంటే సగటు రూ.806. ఫ్యాక్టరీ గేటు దగ్గర పిక్కల వాటా 77.5 శాతం. అదే 150ని 850తో భాగించినవాళ్లు 17.6 శాతం అని రాసి, దళారీలు మిగతాదంతా మింగేశారని తీర్మానిస్తారు. దళారీ కమీషన్ మీద విమర్శ ఉండొచ్చు, కానీ అది సరైన లెక్క మీద నిలబడాలి. తొక్క అమ్మకం ఆదాయం విడిగా కలపండి.

గైడ్ గారు 384 శాంపిల్ అన్నారు. అన్ని ఫ్యాక్టరీలు లేకపోతే?

384 అన్నది జనాభా చాలా పెద్దదైనప్పటి అంకె. మీ జాబితాలో 200 యూనిట్లుంటే 384 ÷ (1 + 383 ÷ 200) = 132 చాలు. అంతకంటే ముఖ్యం జాబితా. నమోదైనవే తీసుకుంటే చిన్నవి జారిపోతాయి. పలాస, కాశీబుగ్గ వీధులు నడిచి మీరే జాబితా రాయండి, మూసినవీ రాయండి. పెద్ద, మధ్య, చిన్న అని విడగొట్టి ప్రతి గుంపు నుంచీ తీయండి.

తిత్లీ తుపాను, లాక్‌డౌన్ ఏళ్లను తీసేయాలా?

తీసేయకండి, గుర్తు పెట్టండి. తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటింది, ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు కూలాయి. దాని ప్రభావం ఒక ఏడాదితో పోదు. అంటు మొక్క మూడో ఏట కాపు మొదలుపెట్టినా నిండు కాపుకు ఏడెనిమిదేళ్లు పడుతుంది. 2020లో లాక్‌డౌన్ మార్చి 25న, సరిగ్గా పిక్కలు రాలే వేళ మొదలైంది. ఆ ఏడు చెట్టు కాసింది, కొనేవాళ్లు కదల్లేదు. ఒకటి సరఫరా దెబ్బ, రెండోది మార్కెట్ దెబ్బ. రెండింటికీ ఒకే డమ్మీ వేరియబుల్ పెడితే ఫలితం అర్థంలేనిది అవుతుంది.

## రాసేటప్పుడు

ప్లేజియరిజం ఎంతదాకా ఒప్పుకుంటారు?

2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం దాకా చర్య ఉండదు. 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. పాత థీసిస్‌లు శోధ్‌గంగలో (థీసిస్‌లు దొరికే వెబ్‌సైట్) చదవండి, కానీ వాటి "పరిశ్రమ పరిచయం" అధ్యాయాన్ని ఎత్తుకోకండి. ఒకరి తప్పు అంకె ఆ దారిలోనే పదిమందికి చేరుతుంది.

ఫ్యాక్టరీ పేరు మార్చి రాస్తే గోప్యత ఉన్నట్టేనా?

ఉండకపోవచ్చు. "రైల్వే గేటు పక్కన, రోజుకు 100 బస్తాలు ఉడికించే యూనిట్" అంటే పలాసలో అందరికీ తెలిసిపోతుంది. స్థలం, సామర్థ్యం రెండూ కలిపి రాయకండి. సామర్థ్యాన్ని శ్రేణిగా ఇవ్వండి. కూలి గురించి ఒక మనిషి చెప్పిన మాటను వయసు, ఊరు, పని మూడింటితో కలిపి ఉటంకిస్తే ఆమె పని పోవచ్చు.

ఫలితాలు వాళ్లకు తిరిగి చెప్పాలా? ఎలా?

చెప్పాలి. వైవాకు ముందే, తెలుగులో ఒక్క పేజీ, పెద్ద అక్షరాలతో. రైతులకు వారంవారీ ధరల పట్టిక, తేమ తరుగు లెక్క. తొక్క తీసే ఆడవాళ్లకు కిలో రేట్ల శ్రేణి, ఊరి పేరు లేకుండా. యజమానులకు సగటు గుండు శాతం, వాళ్ల యూనిట్ అంకె పక్కన. తర్వాతి సీజన్ మొదలయ్యేలోపు, ఫిబ్రవరిలో, చేతికిచ్చి చదివి వినిపించండి. ఎవరైనా "ఈ అంకె తప్పు" అంటే అక్కడే రాసుకుని, థీసిస్ బైండింగ్‌కు ఇచ్చేలోపు సరిచూడండి.